కోతుల పండుగ

మా ఆయన రత్నబాబు కోతలు కోసేవాడు. పోయినవాళ్ల గురించి చెడు చెప్పకూడదంటారు గానీ ఇది చెడు కాదు, ఉన్నమాట. బతికున్నన్నాళ్లూ మొహం మీదే అన్నాను, ఇప్పుడు ఫొటో మీద అంటున్నాను, అంతే తేడా. ఉత్త రత్నబాబు అంటే మా ఊళ్లో ఎవరూ గుర్తుపట్టరు. కోతల రత్నబాబు అంటే రెడ్డిగూడెం నుంచి చాట్రాయి దాకా ఎవరైనా చెబుతారు. ఒకసారి నూజివీడు బస్టాండు దగ్గర ఆయన ఆటోకి గేదె అడ్డం వచ్చింది. ఇంటికి వచ్చేసరికి అది దున్నపోతు అయింది, ఆదివారం చర్చి దగ్గర అడవిదున్న అయింది, మా అన్నయ్యకి చెప్పేసరికి పులి అయి కూర్చుంది. ఆ గేదె తోలుకెళ్తున్న మనిషి పక్కనే నిలబడి అంతా వింటున్నాడన్న సంగతి కూడా ఈయనకి పట్టలేదు.

ఆయన పని ఆటోలో మామిడిపళ్లు వేసుకుని నూజివీడు వీధుల్లో అమ్మడం. ఆటో పైన ఒక మైకు ఉండేది. అందులో మాట ఒకసారి రికార్డు చేసి వదిలితే చాలు, చార్జింగు అయిపోయేదాకా అదే మాట తిప్పి తిప్పి అరుస్తుంది. పళ్లు నారాయణరావు గారి దగ్గర తెచ్చేవాడు. ఈ నారాయణరావు గారు నూజివీడులో పాతకాపు మామిడి వ్యాపారి. ఆయన కాటా మీద ఎవరి కాయ పెట్టినా అంకెలు ఆయన వైపే కనబడతాయి, మన వైపు కాటా గుడ్డిది. పైగా తరుగు తీయందే ఊరుకోడు. తొడిమకి ఇంత, సొనకి ఇంత, అడుగున నలిగిన కాయకి ఇంత అని ఉన్న బరువులోంచి కోసేసి, మిగిలిందే బరువు అంటాడు. అదీ తరుగంటే. తరుగు పోను ఇంత అని ఒకసారి ఆయన నోటి వెంట వచ్చిందా, ఇక ఆ మాటకి తిరుగులేదు. పెళ్లిచూపుల్లో పెళ్లికూతురి పొడుగులో కూడా తరుగు తీశాడని మా ఆయన అనేవాడు. ఆ ఒక్కటీ కోత కాదేమోనని నాకు ఇప్పటికీ అనుమానమే.

ఇక అసలు సంగతికి వస్తాను. మా ఇంటి వెనక కాస్త పెరడు ఉంది. వంగ, బెండ, గోంగూర, గోడవారగా ఆనపపాదు. అది నా రాజ్యం. కొన్నేళ్ల కిందట మా ఆయన గునపం పట్టుకొచ్చి సరిగ్గా నా బెండమడి మధ్యలో గొయ్యి తీసి మామిడిమొక్క నాటాడు. పెద్దరసానికి బంగినపల్లి కొమ్మతో తనే సొంతంగా అంటు కట్టాడట. రసం తీపి, బంగినపల్లి సైజు, రెండూ కలిసి ఒక్కో కాయ కేజీ తూగుతుందని, దానికి రత్నబాబు రసం అని పేరు కూడా పెట్టాడు. అంటు కడితే పైకొమ్మ ఏ జాతిదైతే కాయ ఆ జాతిదే కాస్తుంది గానీ రెండూ కలిసి మూడోది పుట్టదని మామిడి ఊళ్లో పుట్టిన ఎవరికైనా తెలుసు. ఈయనకి తెలియదా అంటే, తెలుసు. తెలిసినా చెప్పేవాడు. పెళ్లిళ్లలో చెప్పాడు, చావుల్లో చెప్పాడు, చివరికి మైకులో కూడా చెప్పాడు. చెట్టు మాత్రం ఏటా ఆకులు వేసి ఊరుకునేది. నా బెండమడి నీడ పడి చచ్చిపోయింది.

పోయిన క్రిస్మస్‌కి ముందు ఆయన గుండెనొప్పితో పోయాడు. ఆసుపత్రిలో స్ట్రెచర్ మీద పడుకుని కూడా నర్సుతో ఈ వేసవికి మా చెట్టు కాస్తుందమ్మా, నీకో కాయ తెచ్చిపెడతా, రెండు చేతులతో పట్టుకోవాలి అన్నాడు. ఆ పిల్ల నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఊపిరి ఆడక ఆయాసపడుతూ కూడా కోతలేంటి ఈ మనిషికి అనుకున్నాను. అవే ఆఖరి మాటలని తెలిస్తే నేనూ నవ్వేదాన్ని.

జ్ఞాపకార్థ కూడికకి ఊరంతా వచ్చింది. నారాయణరావు గారు కూడా నూజివీడు నుంచి వచ్చారు. లేచి నిలబడి మా ఆయన మంచివాడని, చెడిపోయిన పండు ఎవరికీ అంటగట్టలేదని చెప్పారు. అంతటితో కూర్చోవచ్చుగా. ఆ కేజీ కాయ ఒక్కటి మాత్రం చూపించకుండానే వెళ్లిపోయాడు అన్నారు. అందరూ నవ్వారు. పాస్టరు పాల్ రాజు గారు బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వారు. పక్కింటి జోజమ్మ, నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణంలాంటి జోజమ్మ, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ప్రేమగానే నవ్వారు, నాకు తెలుసు. అయినా నాకు కోపం ఆగలేదు. ఒక మనిషి బతుకంతా బతికి వెళ్లిపోతే మిగిలేది ఈ నవ్వేనా అనిపించింది.

"కోత పండక్కి తెస్తానండీ ఆ కాయ," అన్నాను. "మీ కాటా మీరే తెచ్చుకోండి."

అనేశాక చూస్తే చేతిలో బిర్యానీ గరిటె ఉంది, ఎదురుగా ఊరుంది, పెరట్లో ఇంకా పూత కూడా వేయని చెట్టు ఉంది.

కోత పండుగంటే మా చర్చిలో పెద్ద సందడి. వరి ఊళ్ల వాళ్లు క్రిస్మస్ అటూ ఇటూగా చేసుకుంటారు. మాకు కోతంటే మామిడికోతే కాబట్టి మేము మే నెలలో చేసుకుంటాం. ఎవరి చేలో, ఎవరి పెరట్లో పండిన ప్రథమ ఫలం వాళ్లు తెచ్చి దేవుని సన్నిధిలో పెడతారు. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. ఏటా కాటా తెచ్చేదీ, సగం సరుకు పాడుకునేదీ నారాయణరావు గారే. అంటే నా మొగుడి మాట నెగ్గినా, ఓడినా ఊరందరి ముందూ, అందునా ఆయన కాటా మీదే.

దేవుడి దయ వల్ల సంక్రాంతి వెళ్లాక చెట్టు విరగబూసింది. నేను పొంగిపోయేలోపు తేనెమంచు పురుగు దిగింది. పూతంతా జిగురు కారి నల్లబడింది. వేపనూనె కొట్టి, సబ్బునీళ్లు కొట్టి, నోటికొచ్చిన తిట్లు కూడా కొట్టి కొంత నిలబెట్టాను. నిలిచిన పిందెల్ని గాలి రాల్చింది. గాలి వదిలినవి ఉడతలు కొరికాయి. ఉడతలు వదిలినవి చిలకలు పొడిచి, తినకుండా పారేసి పోయాయి. తింటే కడుపు నిండిందిలే అనుకుంటాం, పొడిచి పారేయడమేంటి, పొగరు కాకపోతే. చివరికి ఏప్రిల్ నెలాఖరుకి చెట్టు మీద ఒకే ఒక్క కాయ మిగిలింది. గోడవైపు కొమ్మకి, సరిగ్గా నా కంటి ఎత్తులో. అయితే ఒక్కటే గానీ ఏం కాయండీ అది! రోజూ పొద్దున్నే లేచి దాని కింద అరచెయ్యి పెట్టి చూసేదాన్ని. తూచడానికి కాయని కోయాలి, కోస్తే పెరగదు, అందుకని తూచలేదు. పెరుగుతోందిలే అనుకునేదాన్ని.

అప్పుడు దిగాయి కోతులు.

తోటల్లో కాపలావాళ్లు టపాకాయలు పేలుస్తుంటే కోతులన్నీ ఊళ్ల మీద పడ్డాయి. మా వీధికి వచ్చే మందకి ఒక నాయకుడు ఉన్నాడు. సగం తోక ఎక్కడో పోగొట్టుకున్నాడు, అందుకని మొండితోక అని పేరు పెట్టాను. మొదటిరోజే నా ఆనపపాదు పీకి మెళ్లో వేసుకుని గోడ మీద కూర్చున్నాడు. వాడి చూపు కాయ మీద ఉంది. నా చూపు వాడి మీద ఉంది. ఆ రోజు వంట కూడా పెరట్లోనే చేశాను.

తోటల్లో కాయలకి కాగితం కవర్లు తొడుగుతారు కదా, నేనూ తొడిగాను. కవరు కనబడితే కోతులు చిప్స్ ప్యాకెట్టు అనుకుంటాయని నాకేం తెలుసు. చీపురుకట్ట కోసం లోపలికి వెళ్లి వచ్చేసరికి మొండితోక కొమ్మ మీద కూర్చుని కవరు విప్పుతున్నాడు. లోపలికి తొంగి చూశాడు. కాయని వేలితో నొక్కాడు. ఇంకా పండలేదని తెలిసి కవరు మళ్లీ తొడిగి, మూతి దగ్గర మడతపెట్టి వెళ్లిపోయాడు. ప్రమాణపూర్తిగా నా కళ్లతో చూశాను. ఈ సంగతి జోజమ్మకి చెబితే అది నన్ను ఎగాదిగా చూసి, అయ్యో సుసన్నా, నీకూ వచ్చిందే ఆయన జబ్బు అంది. నేను దాంతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ తర్వాత మా ఆయన గళ్లచొక్కా, ప్యాంటు, ఆటోలో పెట్టుకునే హెల్మెట్ తీసి గడ్డి కూరి దిష్టిబొమ్మ కట్టాను. ఆటో వాడికి హెల్మెట్ ఎందుకని అడగకండి, పోలీసాయనే మెచ్చి ఇచ్చాడని చెప్పేవాడు. మర్నాడు చూస్తే మందంతా దాని చుట్టూ గుండ్రంగా కూర్చుని ఉంది. ఒక ఆడకోతి హెల్మెట్‌లో పేలు చూస్తోంది. మా ఆయన చుట్టూ జనం ఎప్పుడూ అలాగే చేరేవాళ్లు. దిష్టిబొమ్మని చూసి కోతులు భయపడలేదు గానీ, పొద్దున్నే గోడ అవతల నుంచి ఆ చొక్కా చూసి నాకే గుండె ఝల్లుమంది. తీసేశాను.

కొండముచ్చుని చూస్తే కోతులు పారిపోతాయని, నిజం కొండముచ్చు దొరక్కపోతే బొమ్మ అయినా చాలని అందరూ అన్నారు. నూజివీడులో ఫ్లెక్సీలు వేసే సురేష్‌కి ఫోన్ చేశాను. కోతుల ఫ్లెక్సీ ఒకటి కావాలి, కొండముచ్చు నోరు తెరిచి ఉండాలి, కోరలు కనబడాలి అని చెప్పాను. సరిగ్గా అదే రోజు పాస్టరు గారు కూడా సురేష్‌కి ఫోన్ చేసి, కోతల ఫ్లెక్సీ ఒకటి కావాలి, నా ఫొటో పెద్దదిగా ఉండాలి, చేతులు చాచి ఉండాలి అని చెప్పారు. ఒకే ఊరు, ఒకే రోజు, ఫోనులో కోతల అంటే ఏంటి, కోతుల అంటే ఏంటి. కొమ్ము పడితే కోతి, పడకపోతే కోత. సురేష్ ఆ కొమ్ము ఎక్కడ పెట్టాలో అక్కడ తప్ప ఇంకోచోట పెట్టాడు. పైగా బొమ్మలు తారుమారు చేశాడు.

చర్చికి వెళ్లిన ఫ్లెక్సీ మీద నోరు తెరిచిన కొండముచ్చు, దాని నెత్తిన పెద్ద అక్షరాలతో "కోతుల పండుగ మహోత్సవము", కింద "ఆహ్వానించువారు: పాస్టర్ పాల్ రాజు". నా ఇంటికి వచ్చినదాని మీద తెల్ల అంగీలో చేతులు చాచి చిరునవ్వు నవ్వుతున్న పాస్టరు గారు, కింద "అందరూ ఆహ్వానితులే. మీ ఇష్టమొచ్చిన ఫలములతో రండి".

వెనక్కి పంపించాల్సిందే. కానీ ఈలోపు కాయకి ఏమన్నా అయితే? కోతులు ఎప్పుడూ చర్చికి వెళ్లలేదు, ఆయన ఎంత మెత్తని మనిషో వాటికి తెలియదు, చేతులు చాచి ఉన్నాడు కాబట్టి కొట్టడానికి వస్తున్నాడనుకుంటాయిలే అని ధైర్యం చేసి చెట్టుకి కట్టేశాను. కోతులు చదువుకోలేదు గానీ ఆహ్వానం అర్థమైంది. ఎప్పుడూ రానివి కూడా వచ్చాయి. మొండితోక ఫ్లెక్సీ వెనక చేరి సరిగ్గా పాస్టరు గారి మొహం ఉన్నచోట చింపి, ఆ కన్నంలోంచి తన తల బయటికి పెట్టాడు. కింద తెల్ల అంగీ, చాచిన చేతులు, పైన వాడి మొహం. అదే సమయానికి ఫ్లెక్సీలు మార్చుకుందామని పాస్టరు గారు మా పెరటి తలుపు తీశారు. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ముందుగా చూపు తిప్పుకున్నది పాస్టరు గారే. మా ఇంటికి వచ్చి ప్రార్థన చేయకుండా ఆయన వెళ్లిపోవడం నేనెరిగి అదే మొదటిసారి.

సురేష్ పెళ్లిళ్ల సీజనులో మళ్లీ కొట్టడం కుదరదన్నాడు. చర్చి వాళ్లు చేసేది లేక ఆ కొండముచ్చు ఫ్లెక్సీనే గేటుకి కట్టి, "తు"కి ఉన్న కొమ్ము మీద తెల్లకాగితం అతికించారు.

నాకిక ఒక్కటే దారి మిగిలింది. అటక మీద మా ఆయన ఆటో మైకు ఉంది. దాంట్లో కుక్క అరుపు రికార్డు చేసి చెట్టుకి కడదామని నిచ్చెన వేసుకుని ఎక్కాను. దుమ్ము దులిపి, చార్జింగు పెట్టి, పనిచేస్తుందో లేదోనని మీట నొక్కాను.

"నూజివీడు రసాలండీ రసాలు! రండమ్మా రండి! ఇవి మామూలు రసాలు. మా పెరట్లో ఒక చెట్టుంది. అది కాసిందంటే ఒక్కో కాయ కేజీ ఉంటది. రెండు చేతులతో పట్టుకోవాలి. అప్పటిదాకా ఇవి తినండి!"

అమ్మే సరుకుని తనే మామూలువని చెప్పుకునే వ్యాపారి ప్రపంచంలో ఇంకొకడు ఉంటాడా? తిట్టుకుంటూ నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోయాను. గొంతు అదే. రండమ్మా అనేచోట కాస్త గొంతు జీర, కేజీ అనేచోట పొంగు. ఎన్నిసార్లు తిరిగిందో తెలియదు. ఏడ్చాను. ఎవరికి చెప్పను, పోయినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు. మైకు మీద ఎర్ర మీట ఒకటి ఉంది. అది నొక్కితే కొత్త మాట ఎక్కుతుంది, పాతది పోతుంది. వేలు దాని మీద పెట్టాను. కాయని కాపాడాలంటే కుక్క అరుపు కావాలి, కుక్క అరుపు కావాలంటే ఈ గొంతు పోవాలి. నా వల్ల కాలేదు.

కళ్లు తుడుచుకుని కిటికీలోంచి పెరట్లోకి చూస్తే గోడ మీద ఒక్క కోతి లేదు.

నమ్మలేక మైకు తీసుకెళ్లి చెట్టుకి కట్టి దూరంగా నిలబడి చూశాను. మంద మళ్లీ వచ్చింది. రండమ్మా రండి దగ్గర ఆగి విన్నాయి. చెట్టుంది దగ్గర తల గోక్కున్నాయి. కేజీ ఉంటది అనగానే మొండితోక లేచి, మందని వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. ఊళ్లో జనం కూడా సరిగ్గా ఆ మాట దగ్గరే లేచి వెళ్లిపోయేవాళ్లు. దిష్టిబొమ్మకి బెదరనివి, పాస్టరు గారిని లెక్కచేయనివి, మా ఆయన కోతలకి మాత్రం తట్టుకోలేకపోయాయి.

ఇక పొద్దున్న లేచింది మొదలు దీపాలు పెట్టేదాకా మా వీధిలో రత్నబాబే. బతికుండగా కూడా ఇంత మాట్లాడలేదు. చెవిలో జోరీగలా ఈ గోలేంటని మొదట్లో అందరూ నా మీద ధ్వజమెత్తారు. తర్వాత అలవాటు పడ్డారు. జోజమ్మ అన్నం వార్చేటప్పుడు కూడా గొంతు కలిపి ఒక్కో కాయ కేజీ ఉంటది అని పాడుకోవడం నేను విన్నాను. చిక్కల్లా పాస్టరు గారికే వచ్చింది. చర్చి మా వెనక వీధే. ఆదివారం ఆయన ప్రసంగంలో పరలోక రాజ్యము దేనిని పోలియున్నది అని అడిగి ఒక్క క్షణం ఆగారట. మా పెరట్లోంచి ఒక్కో కాయ కేజీ ఉంటది అని జవాబు వచ్చిందట. ఆ రోజు ఇక ప్రసంగం సాగలేదు. సాయంత్రం వచ్చి, వీధి గుమ్మంలోనే నిలబడి, పెరటి వైపు చూడకుండా, కోత పండుగ రోజు ఆరాధన జరిగేంతసేపు మైకు ఆపమని బతిమాలుకున్నారు. ఆ రోజు కాయ నా చేతిలోనే ఉంటుంది కదా, ఇంక భయమేంటి అని సరేనన్నాను.

పండుగనాడు స్నానం చేసి, మైకు ఆపేసి, ప్రార్థన చేసుకుని, కాయని కాస్త తొడిమతో కోశాను. సొన కారనిచ్చి, పాత పట్టుచీర ముక్కతో తుడిచి, రెండు చేతుల మీదా పెట్టుకుని చర్చికి బయల్దేరాను. వీధి మలుపు దగ్గర ఆగిపోయాను.

ఒక చెయ్యి చాలు.

ఇన్నేళ్లుగా కొట్లోంచి కేజీ పప్పు, కేజీ పంచదార మోసిన చెయ్యి ఇది. కేజీ ఎంతో దీనికి వేరే చెప్పక్కర్లేదు. పెద్ద కాయే, చక్కని కాయే, ఇంత కాయ మా వీధిలో ఎవరి పెరట్లోనూ కాయలేదు. కానీ కేజీ కాదు. చెట్టుకి ఉన్నప్పుడు చెట్టు మోసింది, నా చెయ్యి ఉత్తుత్తినే కింద ఉంది. ఇంటికి వెళ్లిపోదామా అనుకున్నాను. అప్పటికే జోజమ్మ చర్చి గుమ్మంలోంచి, వచ్చింది వచ్చింది అంటోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాకు మొగుడి మీద పట్టరాని కోపం వచ్చింది. అరకేజీ అని చెప్పి ఏడవొచ్చుగా, ఎవరు అడిగారు నిన్ను అనుకున్నాను.

లోపల గుమ్మడికాయలు, అరటిగెలలు, పనసకాయలు, రసాల బుట్టలు గుట్టగా పోసి ఉన్నాయి. పక్కన బల్ల మీద నారాయణరావు గారి కాటా. ఆయన దాని వెనక కుర్చీలో కూర్చున్నారు. ఆరాధన అయింది. ఏం పాడారో, ఏం చదివారో నా చెవికి ఎక్కలేదు. వేలానికి ముందు పాస్టరు గారు నా పేరు పిలిచారు. అందరూ లేచి నిలబడ్డారు. నేను ఒక చేతిలో ఉన్నదాన్ని మళ్లీ రెండు చేతుల్లోకి మార్చుకుని, కేజీ బరువు మోస్తున్నట్టు కాస్త వంగి నడిచాను. అబద్ధమే. దేవుని మందిరంలో నడకతో ఆడిన అబద్ధం.

కాయ కాటా మీద పెట్టాను. అంకెలు అటువైపు కదిలాయి. నారాయణరావు గారు కళ్లజోడు సర్దుకుని ముందుకి వంగారు. మా పెరట్లో మైకు ఆగిపోయి అప్పటికి చాలాసేపయిందని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

వెనక కిటికీలోంచి దూకాడు మొండితోక. బల్ల మీదికి వచ్చి కాయని వేలితో నొక్కి చూశాడు. ఈసారి తృప్తి పడ్డట్టున్నాడు. రెండు చేతులతో, అవునండీ, రెండు చేతులతో ఎత్తుకుని, వచ్చిన కిటికీలోంచే వెళ్లిపోయాడు. వాడి వెనక మందంతా దిగి అరటిగెలల మీద పడింది. చర్చిలో కేకలు, కుర్చీలు పడిన చప్పుళ్లు. గేటు దగ్గర కొమ్ము మీద అతికించిన కాగితం ఎండకి ఎప్పుడో ఊడిపోయిందట. పిలిచాక రాకుండా ఉంటాయా అని ఎవరో అన్నారు. పాస్టరు గారు మాత్రం ప్రసంగ పీఠం వెనక కూర్చుండిపోయారు.

కోతులు వెళ్లాక ఒక్కొక్కళ్లే లేచి బట్టలు దులుపుకున్నారు. అప్పుడు అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. కాయ పోయింది, టెంక కూడా దొరకదు. అంకె చూసినవాడు ఒక్కడే. అందరి మొహాలూ నారాయణరావు గారి వైపు తిరిగాయి. ఎంత ఉందండీ అని జోజమ్మ అడిగింది.

నారాయణరావు గారు ఖాళీ కాటా వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. నేను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇంకా రెండూ కలిపి చాచుకునే ఉన్నాను. ఆయన చాలాసేపు ఆ చేతుల్నే చూశారు. బతుకంతా బరువులు చూసిన మనిషి, ఆయనకి తెలియదా. ఇన్నేళ్లలో ఉన్నదానికంటే ఒక్క గ్రాము ఎక్కువ ఆయన నోటి వెంట రాలేదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"కేజీ అండీ," అన్నారు. "తరుగు పోను."

తరుగు పోను అంటే ఎంతో అక్కడ అందరికీ తెలుసు. ముందు జోజమ్మ హల్లెలూయా అంది. తర్వాత చర్చంతా అంది. నారాయణరావు గారు గబగబా కాటా స్విచ్చి ఆపేసి, గుడ్డ కప్పి, వేలం సంగతి కూడా అడగకుండా వెళ్లిపోయారు. సాయంత్రానికి టీకొట్టు దగ్గర ఆ కాయ కేజీన్నర అయిందని, ఇంకాసేపటికి కోతి దాన్ని మోయలేక దారిలో రెండుచోట్ల దింపి అలుపు తీర్చుకుందని విన్నాను. చెప్పినవాళ్లు ఎవరో కాదు, కూడికలో నవ్వినవాళ్లే. నేను ఎవరి మాటా సరిదిద్దలేదు.

ఇంటికి వచ్చి పెరటి తలుపు తీశాను. చెట్టు ఖాళీగా ఉంది. కాపలా కాయడానికి ఇక ఏమీ లేదు, వంగమొక్కలు కూడా పీక్కుపోయారు దొంగవెధవలు. ఊరికే ఉండలేక మైకు మీట నొక్కాను.

"...అది కాసిందంటే ఒక్కో కాయ కేజీ ఉంటది. రెండు చేతులతో పట్టుకోవాలి."

పెళ్లయిన నాటి నుంచీ ఆయన మాటల్లో ఏ ఒక్కదానికీ నేను ఊఁ కొట్టలేదు.

"ఉందిలేవయ్యా," అన్నాను. "తరుగు పోను."